నెలసరి లెక్క వదిలేసి స్కాన్ వెంట పడుతున్నాం

‘ప్రతి ఐదుగురు మహిళల్లో ఒకరికి పీసీఓఎస్’. ఈ మధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. ఆ అంకె అబద్ధం కాదు. కానీ అది వచ్చిన అధ్యయనంలోనే మరో రెండు అంకెలున్నాయి. వాటి ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

ఐసీఎంఆర్ టాస్క్‌ఫోర్స్ దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో 18 నుంచి 40 ఏళ్ల మధ్య మహిళలు 9,824 మందిని పరిశీలించి, 2024లో ఫలితాలు ప్రచురించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ పాత నిర్వచనం ప్రకారం చూస్తే నూటికి 7.2 మందికి పీసీఓఎస్ ఉంది. ఏఈ-పీసీఓఎస్ సొసైటీ నిర్వచనం ప్రకారం 13.6 మందికి. 2003లో రాటర్‌డామ్‌లో కుదిరిన నిర్వచనం ప్రకారం 19.6 మందికి. మహిళలు వాళ్లే, పరీక్షలు అవే. మారింది కొలబద్ద ఒక్కటే.

తేడా ఎక్కడుందో చెబుతాను. పాత నిర్వచనానికి రెండూ ఉండి తీరాలి: నెలసరి గాడి తప్పడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండటం. రాటర్‌డామ్ వీటికి మూడోదిగా స్కాన్‌లో అండాశయాలు కనిపించే తీరును చేర్చి, మూడింట్లో ఏ రెండున్నా చాలంది. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాకే. అంటే ఏ నిర్వచనం ప్రకారమైనా స్కాన్ ఒక్కదాన్ని పట్టుకుని పీసీఓఎస్ అనడానికి వీల్లేదు. మన ఊళ్లలో జరుగుతున్నది మాత్రం సరిగ్గా అదే.

ఓపీకి అమ్మాయిని తీసుకొచ్చే తల్లుల్లో చాలామంది సంచిలోంచి ముందుగా బయటికి తీసేది స్కాన్ రిపోర్టు. ‘పాపకి పీసీఓడీ అంటండీ, నీటిబుడగలు ఉన్నాయంట’ అంటారు. పాపకు పదిహేనేళ్లు. నెలసరి ఎన్నాళ్లకోసారి వస్తోందమ్మా అని అడిగితే అప్పుడు తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆ ‘బుడగలు’ తిత్తులు కావు, గడ్డలు కావు. పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన అండపుటికలు. టీనేజీలో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల్లో కూడా ఇవి ఎక్కువగానే కనిపిస్తాయి. అందుకే 2018లోనూ, 2023లోనూ వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక మాట స్పష్టంగా చెప్పాయి: రజస్వల అయిన తర్వాత ఎనిమిదేళ్లు గడిచేదాకా పీసీఓఎస్ నిర్ధారణకు స్కాన్ వాడొద్దు. ఏఎంహెచ్ రక్తపరీక్ష కూడా ఈ వయసులో పనికిరాదు. 2012లో ఎన్‌ఐహెచ్ నియమించిన నిపుణుల బృందం అయితే ఈ పేరే తప్పుదోవ పట్టిస్తోందని, మార్చాలని సూచించింది. పీసీఓడీ అంటే తేలికపాటిది, పీసీఓఎస్ అంటే ముదిరినది అని ఫోన్లలో తిరిగే వీడియోలనూ నమ్మకండి. మార్గదర్శకాల్లో అలాంటి రెండు మెట్లు లేవు.

మరి దేన్ని చూడాలి? నెలసరి తేదీలను. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య 21 రోజుల కంటే ముందే వచ్చినా, 45 రోజులు దాటినా పట్టించుకోవాలి. మూడేళ్లు దాటాక ఆ హద్దు 35 రోజులు; ఏడాదికి ఎనిమిదిసార్లకన్నా తక్కువ వచ్చినా సరే. మొదటి ఏడాది తర్వాత ఎప్పుడైనా 90 రోజుల పైన ఆగిపోతే డాక్టర్‌కు చూపించాలి. దీనితోపాటు గడ్డం మీద, పొట్ట మీద ముదురు వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే అనుమానం బలపడుతుంది. రెంటిలో ఒకటే ఉన్న అమ్మాయికి జబ్బు ముద్ర వేయాల్సిన పనిలేదు. ‘ముప్పు ఉంది, మళ్లీ చూద్దాం’ అని రాసి, ఉన్న ఇబ్బందికి మందు ఇస్తే చాలు.

ఇంత చెప్పాక కొందరు ‘అయితే ఇదంతా ఉత్త హడావుడేనా?’ అంటారు. కాదు. లేనివాళ్లకు ముద్ర వేస్తున్నాం, ఉన్నవాళ్లను వదిలేస్తున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పీసీఓఎస్ ఉన్నవారిలో 70 శాతం దాకా తమకది ఉందనే తెలియదు. ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అని ఇంట్లోవాళ్లు తోసిపుచ్చిన అమ్మాయిలు ఈ లెక్కలోవాళ్లే.

వదిలేస్తే నష్టం అండాశయాల దగ్గర ఆగదు. ఈ సమస్య ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం మరింత ఇన్సులిన్ విడుదల చేస్తుంది. అది అండాశయాలను పురుష హార్మోన్ల తయారీకి ఉసిగొల్పుతుంది. అండం విడుదల ఆగిపోతుంది, నెలసరి తప్పుతుంది. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారడం దీనికి బయటికి కనిపించే గుర్తు. సన్నగా ఉన్నవాళ్లూ దీనికి అతీతులు కారు. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భాశయ లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్లు గడిస్తే అక్కడ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ ముప్పు మొత్తంమీద తక్కువే, కానీ నెలసరిని మందులతో క్రమంలో పెట్టి దాన్ని ఇంకా తగ్గించవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది షుగర్. ప్రభుత్వ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో బీపీ, షుగర్ స్క్రీనింగ్ 30 ఏళ్లు నిండినవారితో మొదలవుతుంది. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి ఇరవై రెండేళ్లకే షుగర్ హద్దు దాటొచ్చు. ఆమె గడప తొక్కి అడిగేవారు లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశ సగటు 24. ఇలాంటి చోట ఇంటింటికీ తిరిగే ఏఎన్‌ఎం ‘నెలసరి ఎన్నాళ్లకోసారి వస్తోందమ్మా’ అని ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే ఖర్చేమీ కాదు. గాడి తప్పినవారిని వయసుతో పని లేకుండా షుగర్ పరీక్షకు పంపవచ్చు. ఉత్త పరగడుపు పరీక్షతో కొన్ని కేసులు దొరకవు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష మేలు. అందులో 140 దాటితే జాగ్రత్త పడాలి, 200 చేరితే మధుమేహమే. ఒకసారి మామూలుగా ఉన్నా, ముప్పును బట్టి ఒకటి నుంచి మూడేళ్లకోసారి మళ్లీ చేయించాలి.

ఈ ఖాళీలోకి వ్యాపారం దూరింది. ‘90 రోజుల్లో పీసీఓఎస్ మాయం’ అంటూ పొడులు, టీలు, జెల్లీ గమ్మీలు అమ్ముతున్నారు. వీటిలో చాలావాటి డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘వైద్య అవసరాలకు కాదు’ అని ఉంటుంది. ఆరోగ్య సప్లిమెంట్ల మీద ఆ మాట రాయాలన్నది ఆహార భద్రత నియమం. ముందువైపు ఒకమాట, వెనకవైపు ఒకమాట! నెలసరి లోపాలను సరిచేస్తామని మందును ప్రచారం చేయడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ నిషేధించింది. చట్టం పుట్టి డెబ్బై ఏళ్లు దాటింది, ప్రకటనలు మాత్రం మన అరచేతిలోకే వచ్చేశాయి.

నిజానికి ఇది పూర్తిగా ‘మాయం’ అయ్యేది కాదు, అదుపులో ఉండేది. పిల్లలు వద్దనుకునే వయసులో నెలసరిని గాడిన పెట్టడానికి, వెంట్రుకలు, మొటిమలు తగ్గించడానికి గర్భనిరోధక మాత్రలే మొదటి మందు. ఆ పేరు వినగానే ‘పెళ్లికాని పిల్లకి ఇవేంటి’ అని నెలకే ఆపించేసే కుటుంబాలున్నాయి. ఆ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్నది అపోహ. అయితే పార్శ్వపు తలనొప్పి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఇన్సులిన్ సమస్యకు వాడే మెట్‌ఫార్మిన్ చవక, ప్రభుత్వాసుపత్రుల్లోనూ దొరుకుతుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు అండం విడుదలకు లెట్రోజోల్ ముందు వరుసలో ఉంది. పీసీఓఎస్ ఉన్నవారిలో ఎక్కువమంది తల్లులవుతారు. ఇక పిల్లలు ఎలాగూ పుట్టరనుకుని జాగ్రత్తలు మానేసి, అనుకోని గర్భంతో వచ్చేవాళ్లూ ఉన్నారు.

తిండి విషయంలో ఫలానా డైటే గొప్పదని రుజువు లేదు. అన్నం మానక్కర్లేదు. కంచంలో సగం కూరలు, పక్కన పప్పో గుడ్డో ఉండి, అన్నం దాని వంతుకే పరిమితమైతే చాలు. వారానికి 150 నిమిషాలైనా చెమటపట్టే నడక కావాలి. అధిక బరువు ఉన్నవాళ్లు అందులో ఐదు శాతం తగ్గినా తేడా కనిపిస్తుంది. అలాగని భోజనం దగ్గర రోజూ బరువు గురించి దెప్పిపొడిస్తే పని జరగదు. వీరిలో దిగులు, ఆందోళన ఎక్కువని మార్గదర్శకాలే చెబుతున్నాయి, వాటి గురించి కూడా అడగమంటున్నాయి.

ఓపీకి వచ్చేటప్పుడు స్కాన్ ఫిల్ములు లేకపోయినా ఫర్వాలేదు. కిందటి ఏడాదిలో నెలసరి వచ్చిన తేదీలు క్యాలెండర్‌లోంచి రాసుకుని రండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో షుగర్ వచ్చిందేమో కనుక్కోండి, అమ్మాయి వాడుతున్న పొడుల డబ్బాలుంటే అవీ తీసుకురండి. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా ఉదయాన్నే వస్తే గ్లూకోజ్ పరీక్ష ఆ రోజే అయిపోతుంది. డాక్టర్ అమ్మాయితో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడతానంటే, కాస్త బయట కూర్చోండి.