రేవు ఇంజనును తుక్కుకు వేయరాదు

1974లో రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన వచ్చేవరకు కొవ్వూరు నుంచి రోడ్డు దారిన వచ్చేవారు గోదావరిపై లాంచీయో, పంటో ఎక్కవలసిందే. వంతెనలు వచ్చిన చోటల్లా రేవులు పడుకున్నాయి, ఇంజన్లు గట్ల మీద తుప్పుపట్టాయి.

మా లంక రేవులో అటువంటిది ఒకటి బురదలో సగం దిగబడి ఉంది. పాత ఇనుము వర్తకుడు కిలోల లెక్కన బేరం పెట్టాడు.

పెద్ద చక్రాలు చూసి పెద్దలు లిస్టరు అంటున్నారు. కావచ్చు. అయితే ఇంగ్లండులోని డర్స్‌లీలో తయారైన లిస్టర్లను చూసి రాజ్‌కోట్ కార్ఖానాలు అచ్చు అటువంటివే చేశాయి. తేల్చవలసింది ఇత్తడి బిళ్ళ, దాని మీది నంబరు. ఆ బిళ్ళనే ముందుగా ఊడబెరుకుతారు, ఇత్తడికి ధర ఎక్కువ కదా! బిళ్ళ పోతే ఇనుములో పోతపోసిన అక్షరాలు వెతకాలి. సుత్తితో కాదు, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. బిగుసుకున్న ఇంజనును గడ్డపారతో తిప్పబోతే విరిగేది ఇంజనే. సిలిండరులో డీజిలు పోసి కొన్నాళ్ళు నానబెట్టి చూడాలి.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట కట్టించిన దొర గుర్తులకు చోటిచ్చినవారు రేవు దాటించిన ఇంజనుకు ఒక మూల ఇవ్వలేరా? జలవనరుల శాఖవారు వచ్చి చూడాలి. బేరం కుదరకముందే రావాలి.