కాటిసీను నేర్పిన మాటలు

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. కానీ పాత తెలుగు నాకు మొదట నేర్పింది యూనివర్సిటీ కాదు. మా పల్లెలో మోగిన హరిశ్చంద్ర నాటకం క్యాసెట్లు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్రీయం' కాటిసీను ఆరో తరగతికే నాకు నోటికొచ్చు, అర్థం తెలియకుండానే. దాస్యం అంటే ఏంటి, సుంకం అంటే ఏంటి అని మా తాతని అడిగేవాణ్ణి. బడి మొహం చూడకపోయినా నాటకాలు విన్న చెవి ఆయనది. అన్నీ చెప్పేవాడు.

ఒకరోజు "కాటికాపరంటే ఎవరు తాతా?" అన్నాను.

"నేనేరా" అన్నాడు.

ఊళ్లో ఎవరు పోయినా కబురు మోసింది, గొయ్యి తవ్వింది, కట్టెలు పేర్చింది ఆయనే. కూలి లేదు, వెట్టి. ఇస్తే గుప్పెడు గింజలు.

అప్పట్నుంచీ ఆ నాటకం నాకు వేరేగా వినబడుతోంది. రాజు కాటికాపరి అయితే ఊరంతా ఏడ్చింది. తరతరాలుగా కాటికాపరి అయినవాడి కోసం ఎవరూ ఏడవలేదు. రాజుకి చివర్లో భార్య, బిడ్డ, రాజ్యం తిరిగొచ్చాయి. మా తాతకి మర్నాడు మళ్లీ కాడే.

మాతంగకన్యల్ని పెళ్లాడమంటే రాజ్యమే వదులుకున్నాడు హరిశ్చంద్రుడు. దానికీ చప్పట్లు కొట్టాం. మాతంగ అనే మాట ఎవరిదో మాదిగపల్లెలో అడగండి, చెబుతారు.

"ఇలాంటి నాటకం మనకెందుకు సార్?" అంటారు నా స్టూడెంట్స్. కోపం న్యాయమే. కానీ ఆ సీనులో జనం వన్స్‌మోర్ కొట్టేది ఎక్కువగా గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలకే. అంటరానితనం అనుభవించిన కవి గొంతు లేకుండా రాజుగారి ఏడుపు కూడా రక్తి కట్టలేదు. మన వాటాని మనమెందుకు వదులుకోవాలి?

పైగా అవి పాత మాటలని ఎవరన్నారు? వీరబాహుణ్ణి చండాలుడంటుంది ఆ కథ. నిఘంటువు తీస్తే పక్కనే అంత్యజుడు, అంటే చివర పుట్టినవాడు. శ్వపచుడు, అంటే కుక్కను వండుకుని తినేవాడు. ఈ రెండూ పుస్తకాల్లోనే ఉండిపోయాయి. మొదటిది మాత్రం మన నాలుక మీదే ఉంది. సినిమా బాగోకపోతే చండాలం, కూర చెడితే చండాలం. మనవాళ్లూ అంటారు. నేనూ అన్నాను, తాత ముందే.

అందుకే పద్యం నేర్చుకోండి, రాగం తీయండి. మాట అర్థం కోసం మాత్రం నిఘంటువు దగ్గరే ఆగిపోకండి. ఇంట్లో పెద్దవాళ్లని కూడా అడగండి.

జై భీమ్.