కొట్టు ఒక్కటే అయితే తూకం చూసేదెవరు?

వేరుశెనగ కాయలు కొనే వ్యాపారి ఒక్కడే ఉన్న ఊళ్లో ధర అతని నోటి మాటే. రెండో వ్యాపారి వచ్చి కాటా పెడితే మొదటివాడు తరుగు తగ్గిస్తాడు, మర్యాద పెంచుతాడు. అతని గుణం మారి కాదు, పోటీ వచ్చి. అనంతపురం జిల్లా రైతుకు బాగా తెలిసిన ఈ సంగతే అమెరికాలోని మైక్రోసాఫ్ట్ అనే భారీ సాఫ్ట్‌వేర్ సంస్థ విషయంలోనూ పదేపదే రుజువవుతూ వచ్చింది.

ఎక్కడో ఉన్న కంపెనీ గొడవ పల్లెలకెందుకని అనుకోవడానికి వీల్లేదు. బ్యాంకులో, సచివాలయంలో, పిల్లల బడిలో ఉన్న కంప్యూటర్లలో చాలా వాటిని నడిపేది ఆ సంస్థ తయారుచేసిన విండోసే. పైగా 2014 ఫిబ్రవరి 4 నుంచి ఆ సంస్థకు అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవారు. ఆయన తండ్రి, ఐ.ఏ.ఎస్. అధికారిగా గ్రామీణాభివృద్ధికి పాటుపడిన బి.ఎన్.యుగంధర్ ఈ జిల్లాలోని బుక్కాపురం వారు.

1975లో బిల్ గేట్స్, పాల్ అలెన్ స్థాపించిన ఈ సంస్థకు దశ తిరిగింది 1981లో. ఐ.బి.ఎం. అనే పెద్ద కంపెనీ తన చిన్న కంప్యూటరును నడిపించే ప్రోగ్రాం కావాలని అడిగింది. మైక్రోసాఫ్ట్ సియాటిల్‌లోని ఒక చిన్న కంపెనీ నుంచి అలాంటి ప్రోగ్రాంను కొని, సవరించి ఇచ్చింది. అయితే దాన్ని ఇతరులకు అమ్ముకునే హక్కును తన వద్దే అట్టిపెట్టుకున్నది. ఆ తర్వాత ఐ.బి.ఎం. తరహా యంత్రాలు చేయదలచిన కంపెనీలన్నీ మైక్రోసాఫ్ట్ గుమ్మం తొక్కాయి. ఇది వ్యాపార దక్షత. దీన్ని తప్పు పట్టనవసరం లేదు.

తప్పు పట్టవలసింది తర్వాత జరిగిన దాన్ని. కంప్యూటర్ల తయారీదార్లు తాము అమ్మే ప్రతి యంత్రానికి, అందులో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాం వేసినా వేయకపోయినా, ఆ సంస్థకు సొమ్ము చెల్లించే ఒప్పందాలు నడిచాయి. ఇది యార్డులో బస్తా దించకపోయినా హమాలీ వసూలు చేసినట్లే. ఇక వేరే వాళ్ల ప్రోగ్రాం ఎవరు కొంటారు? అమెరికా న్యాయశాఖ పట్టుబట్టగా 1994లో ఈ పద్ధతి మానుకోవడానికి సంస్థ అంగీకరించింది.

ఉచితం వెనుక లెక్క

ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో దాన్ని చూడటానికి నెట్‌స్కేప్ అనే కంపెనీ చేసిన బ్రౌజరును జనం ఎక్కువగా వాడేవారు. మైక్రోసాఫ్ట్ తన సొంత బ్రౌజరు ‘ఎక్స్‌ప్లోరర్’ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇచ్చింది. ఉచితంగా వస్తే మంచిదే కదా అని ఎవరైనా అంటారు. కాని అదే సమయంలో తయారీదార్లు నెట్‌స్కేప్‌కు చోటివ్వకుండా రకరకాల ఒప్పందాలతో కట్టడి చేసింది. నెట్‌స్కేప్ చితికిపోయింది.

ఆ పైన జరిగింది గమనించదగ్గది. 2001లో ఎక్స్‌ప్లోరర్ ఆరో రకం విడుదలైంది. ఏడో రకం 2006 వరకు రాలేదు. ఎదుట పోటీదారు లేనప్పుడు ఐదేళ్ల పాటు సంస్థకు తొందర కనిపించలేదు. 2004లో ఫైర్‌ఫాక్స్ అనే ఉచిత బ్రౌజరు వచ్చి జనాన్ని ఆకట్టుకున్నాకే కదలిక వచ్చింది. ఉచితంగా దొరికిన సరుకుకు వినియోగదారు చెల్లించిన మూల్యం ఆ ఐదేళ్లు.

1998లో అమెరికా ప్రభుత్వం, పలు రాష్ట్రాలు కలిసి దావా వేశాయి. సంస్థను రెండుగా చీల్చాలని 2000లో జడ్జి ఆదేశించారు. 2001లో పై కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అయితే గుత్తాధిపత్యాన్ని అక్రమ పద్ధతుల్లో నిలుపుకున్నారన్న నిర్ణయాన్ని మాత్రం సమర్థించింది. చివరకు రాజీ కుదిరింది. యూరప్‌లో 2004లో 49.7 కోట్ల యూరోల జరిమానా పడింది. బ్రౌజరు ఎంచుకునే అవకాశం వినియోగదారులకు ఇస్తామన్న మాట తప్పినందుకు 2013లో మరో 56.1 కోట్ల యూరోలు విధించారు.

బళ్లు ఓడలు, ఓడలు బళ్లు

మైక్రోసాఫ్ట్‌కు మారడం రాదని ఎవరూ అనలేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్‌ను ‘క్యాన్సర్’ అని 2001లో నిందించినది ఆ సంస్థ అప్పటి అధిపతి స్టీవ్ బామర్. తన సెల్‌ఫోన్లు నిలదొక్కుకోలేదు. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం కొని, మరుసటి ఏడే సుమారు 760 కోట్ల డాలర్లను నష్టం కింద రాసుకుంది. నాదెళ్ల వచ్చాక దారి మార్చారు. పోటీ కంపెనీల యంత్రాల్లోనూ తమ ప్రోగ్రాంలు నడిచేలా చేశారు. లినక్స్ అంటే తమకు ఇష్టమని ప్రకటించారు. అలాంటి ఉచిత ప్రోగ్రాంలు రాసేవారు ఎక్కువగా చేరే గిట్‌హబ్‌ను 2018లో 750 కోట్ల డాలర్లకు కొన్నారు. దెబ్బ తిన్నచోటే వంగడం నేర్చుకున్నారు.

తెలుగుకు జరిగిన మేలూ చెప్పుకోవాలి. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు వచ్చింది. 1998లో హైదరాబాదులో పెట్టిన కేంద్రం తెలుగు యువకులెందరికో ఉపాధి చూపింది. నాదెళ్ల ఎదుగుదల జిల్లాకు గర్వకారణం. కాని అభిమానం వేరు, తూకం వేరు. వ్యాపారి బంధువైనంత మాత్రాన కాటా చూడకుండా ఎవరూ కాయలు పోయరు.

ఒక్కరినే నమ్ముకుంటే ఏమవుతుందో 2024 జూలై 19న తేలింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే మరో కంపెనీ పంపిన లోపభూయిష్టమైన సవరణతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మూలనపడ్డాయి. విమానాశ్రయాల్లో చీటీలు చేత్తో రాసిచ్చారు. తప్పు మైక్రోసాఫ్ట్‌ది కాకపోయినా అంతమంది ఒకే తాడు పట్టుకుని ఉండటమే ఆ నష్టానికి మూలం.

ఇప్పుడు పల్లెలకు నేరుగా తగిలే విషయం మరొకటి ఉన్నది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా అందే రక్షణ సవరణలు ఆగిపోయాయి. గడువు పొడిగింపు ఉన్నా అది కొంతకాలానికే. కొత్తదైన విండోస్ 11ను చాలా పాత యంత్రాలపై ఆ సంస్థ అనుమతించదు. అంటే బాగా పనిచేస్తున్న కంప్యూటరును సైతం పక్కన పడేయాలన్నమాట. సొమ్ము చాలని బడికి, అప్పు చేసి సెంటరు పెట్టుకున్న యువకుడికి ఇది భారమే.

దారి లేకపోలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఎన్నో ఏళ్లుగా లినక్స్ మీదే పిల్లలకు చదువు చెబుతున్నారు. దానికి రుసుము లేదు, పాత యంత్రాల మీదా నడుస్తుంది. జిల్లా విద్యాశాఖ పాత కంప్యూటర్లను తుక్కు కింద వేలం వేసే ముందు కొన్ని బడుల్లోనైనా దీన్ని పరీక్షించి చూడాలి. ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. విండోస్ నేర్పవద్దని ఎవరూ అనరు, ఉద్యోగాలకు అదీ కావాలి. రెండూ వచ్చిన పిల్లవాడు ఏ కొట్టుకైనా వెళ్లగలడు. రెండో కాటా ఊళ్లో ఉంటేనే మొదటి కాటా నిక్కచ్చిగా తూగుతుంది.