పొలం అంచు, సముద్రపు ఒడ్డు



కిందటి నెలలో మా సంఘపు బిడ్డ ఒకడు హైదరాబాదు ప్రగతి నగర్‌లో ఫ్లాటు కొనుక్కుంటే గృహప్రతిష్ఠ ప్రార్థనకు వెళ్లాను. హైటెక్ సిటీలో అతని ఉద్యోగం. భోజనాలు అయ్యాక రంగుల బ్రోచరు ఒకటి నా చేతిలో పెట్టాడు. "అయ్యగారూ, భీమిలి వైపు సముద్రం ఒడ్డున ప్లాట్లు వేస్తున్నారు. అమ్మానాన్నల కోసం ఒకటి తీసుకుందామనుకుంటున్నా. ప్రార్థన చేయండి" అన్నాడు. బ్రోచరు మీద పెద్ద అక్షరాలతో ఉంది: ప్రైవేటు బీచ్.

నేను వెంటనే ప్రార్థన చేయలేకపోయాను. ఎందుకో అతనికి చెప్పాను. అదే మీకూ చెప్తున్నాను.

ప్రియులారా, లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు రైతుకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టు అన్నాడు. పొలం రైతుదే. కష్టం రైతుదే. అయినా అంచు మాత్రం పేదలది. రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లగలిగింది అందుకే. బోయజు ఆ అంచుకు కంచె వేసి ఉంటే ఆ అత్తాకోడళ్లు ఏం తినేవారు?

సొంత పొలానికే ఈ మాట వర్తిస్తే, ఎవరి సొంతమూ కాని సముద్రపు ఒడ్డు సంగతేమిటి?

ఆ సాయంత్రం మేమిద్దరం ప్రగతి నగర్ చెరువు గట్టు మీదికి నడిచి వెళ్లాం. అంబీర్ చెరువు అంటారు. చుట్టూ అపార్ట్‌మెంట్లే. హైదరాబాదులో 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు ఆటో డ్రైవరుకు కూడా తెలిశాయి. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడి దాకా వస్తుందో అది ఎఫ్‌టీఎల్. దాని అవతల కొంత జాగా కట్టడాలు లేకుండా వదలాలి, అది బఫర్. "బాబూ, ఫ్లాటు కొనేముందు ఈ రెండూ చూసుకున్నావా?" అన్నాను. "లాయరు చేత చూపించానండీ" అన్నాడు. "మరి సముద్రానికి అలాంటి గీత ఉందని తెలుసా?" అంటే తెలియదన్నాడు.

ఉంది. 1991 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ తెచ్చింది. పోటు నీరు చేరే గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాల మీద హద్దులు పెట్టింది. పల్లెల తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలే కూడదంది. రెండు బీచ్ రిసార్టుల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలంది. ఆ 20 మీటర్లు చదివినప్పుడు నాకు లేవీయకాండమే గుర్తొచ్చింది. అయితే 2019 నోటిఫికేషన్‌లో, జనం ఎక్కువగా ఉండే పల్లెల్లో ఆ 200 మీటర్లు 50 అయ్యాయి. అంచు అలా తరిగిపోతూ ఉంది.

సముద్ర తీరం, నదులు, అడవులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 2009లో గోవాలోని ఒక హోటలు కేసులో, బీచ్‌కి జనం వెళ్లే దారిని మూయడానికి వీల్లేదంది. మన భీమిలి తీరంలో ఇసుకలో లేపిన కాంక్రీటు గోడ 2024లో హైకోర్టు దాకా వెళ్లింది, కూల్చవలసి వచ్చింది. గోడే కానక్కరలేదు, టికెట్టు కూడా గోడే. 2023 జులైలో రుషికొండ బీచ్‌కి మనిషికి 20 రూపాయల రుసుము పెడతామన్నారు. జనం ఒప్పుకోలేదు, వెనక్కి తీసుకున్నారు. కారులో వచ్చేవారికి 20 రూపాయలు లెక్క కాదు. నలుగురు పిల్లలతో బస్సు దిగిన కూలి తల్లికి అది లెక్కే.

మనకు బీచ్ అంటే షికారు. జాలరికి అది పని చేసే చోటు. అలివి వల లాగేటప్పుడు ఒడ్డున రెండు చోట్ల మనుషులు బారులు తీరి తాళ్లు పట్టి లాగుతారు. తెప్పలు ఆరబెట్టేది, వల బాగుచేసేది, ఆడవాళ్లు చేపలు ఎండబెట్టేది ఆ ఇసుకలోనే. అక్కడ గోడ కడితే అది ఒకరి పొలంలో గోడ కట్టినట్టే.

మత్తయి సువార్త 13వ అధ్యాయం తీసి చూడండి. జనం ఎక్కువైతే యేసు ప్రభువు దోనె ఎక్కి కూర్చున్నాడు. జనమంతా దరిని నిలిచి విన్నారు. టికెట్టు లేదు, కాపలాదారు లేడు. అదే అధ్యాయంలో వల ఉపమానం చెప్పాడు. జాలరులు నిండిన వలను దరికి లాగి, కూర్చుని మంచి చేపలు ఏరుకున్నారన్నాడు. ప్రభువు చెప్పిన పరలోకరాజ్యపు పోలికకు కూడా అందరికీ తెరిచి ఉన్న ఒడ్డు కావాల్సి వచ్చింది.

"అయ్యగారూ, రిసార్టులు వస్తే మనవాళ్లకి ఉద్యోగాలు వస్తాయి కదా" అన్నాడు అతను. నిజమే. హోటళ్లు కట్టవద్దని నేను అనడం లేదు. బోయజు బీదవాడు కాడు, కోత మానలేదు. అంచు వదిలాడు, అంతే. గీతకు ఇవతల కట్టండి, దారి వదలండి.

కాబట్టి, సముద్రం ఒడ్డున స్థలం కొనాలనుకునే బిడ్డలారా, ధర అడిగేముందు మూడు మాటలు అడగండి. పోటు గీత నుంచి ఇది ఎంత దూరం? సీఆర్‌జెడ్ అనుమతి కాగితం ఏది? పక్క పల్లె జాలరి ఏ దారిన సముద్రానికి వెళ్తాడు? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే సంతకం పెట్టకండి. కోర్టు కూల్చుతుందన్న భయంతో కాదు. మీ సొమ్ము ఇంకొకరి కూడుకు అడ్డుగోడ కాకూడదు గనుక.

అతను బ్రోచరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మూడోది అడుగుతానండీ" అన్నాడు. అప్పుడు ఆ గట్టు మీదే ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం.

ప్రభువా, మాకు ఇచ్చినదానిలో అంచు వదిలే మనసు దయచేయుము. ఆమేన్.