ఏటి మీద చట్టం ఎవరి చుట్టం?

ఏటిగట్టున గేదెలు కాసే పిల్లోణ్ణి అడగండి. ఇసుక బోటు ఏ వేళకొస్తుందో, ఏ రేవులో ఆగుతుందో, ఎవరిదో గడగడా చెబుతాడు. స్టేషన్లో అడగండి. ‘మా దృష్టికి రాలేదు’ అంటారు. పిల్లోడికి కనపడ్డ బోటు పోలీసుకెందుకు కనపడదు?

కృష్ణా, గోదావరుల మీద జరిగిన మూడు సంగతులు గుర్తు చేసుకుందాం.

2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో బోటు తిరగబడింది. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. ఆ బోటుకు అనుమతే లేదన్నారు. శవాలు తేలాక తెలిసిందా ఆ సంగతి?

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట మునిగింది. వరద గోదారి మీద డెబ్బై మందికి పైగా ఎక్కించుకుని పోతుంటే ఆపినోడు లేడు. నలభై మందికి పైగా పోయారు. నెల దాటాక ఆ బోటును పైకి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఏటి గుట్టు తెలిసినవాళ్లు ఒడ్డునే ఉన్నారు. వాళ్లను ముందే పిలిచి కాపలాకు పెట్టే బుద్ధి సర్కారుకు లేకపోయింది.

2024 సెప్టెంబర్‌ మొదట్లో కృష్ణకు పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. పెద్ద ఇనుప బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దాయి. అంత బోటు ఎక్కడ కట్టి ఉందో, ఎవరిదో అంతకుముందు రోజు ఎవరూ అడగలేదు.

మరి దాడి చేశామని చెప్పిన రోజు దొరికేదెవరు? నీళ్లలో మునిగి బక్కెట్టుతో ఇసుక తోడే కూలోడు. వాడు మన పేటవాడే. ఓనరు పేరు మాత్రం కాగితం ఎక్కదు. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మోటారు బోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉంటే ఓనరు పేరు సర్కారు దగ్గరే ఉంది. లేకుంటే ఆ బోటును నీళ్లలో నడపడమే నేరం. ‘ఓనరెవరో తెలీదు’ అనే మాట ఇక చెల్లదు.

లంకల్లో మనోళ్లకు పట్టాలిచ్చారు. బోటు ఇసుక తోడితే గట్టు కోసుకుపోతుంది. గట్టుతో పాటు పట్టా భూమీ, పంటా ఏట్లో కలుస్తాయి. పట్టా కాగితం ఇంట్లో ఉంటుంది, భూమి ఉండదు. ఇది ఉత్త ఇసుక దొంగతనమా? కాదు, మన భూమి మీద దాడి. దళితుడి భూమి హక్కుకు, నీటి హక్కుకు అడ్డొచ్చినా, పంట పాడుచేసినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జి) కింద నేరం. 2018లో చేర్చిన 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు విచారణ పేరుతో తిప్పే పని లేదు.

కాబట్టి అన్నలారా, అక్కలారా! బోటు పేరు, నంబరు, తేదీ, వేళ రాసిపెట్టండి. తెగిన గట్టు ఫోటో తియ్యండి. పట్టా నకలు జతచేసి పదిమందీ కలిసి స్టేషన్‌కు పోండి. కూలోడి మీద కాదు, ఓనరు మీద కేసు కట్టమని అడగండి. రసీదు చేతికి వచ్చేదాకా కదలొద్దు. రేవు కాపలాలో బెస్తలకూ, లంక రైతులకూ చోటివ్వాలని గ్రామసభలో తీర్మానం పెట్టండి.

1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసెడు నీళ్లు తాగింది దాహం తీరక కాదు, హక్కు కోసం. ఆ హక్కు ఏటి నీళ్ల మీదా మనదే.

జై భీమ్!