మనసు మారితే చొక్కా ఏం చేసింది?

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు." బట్టలకొట్టు బిల్లు మీద ఈ ముక్క చదవకుండా పెరిగిన తెలుగువాడు ఉండడేమో. కాస్త దయగల కొట్టయితే దాని కిందే ఇంకో ముక్క కూడా ఉంటుంది. "మార్పిడి 7 రోజుల్లోపు, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు మాత్రమే, ఆదివారాలు, పండగ రోజులు తప్ప." అంటే మనలాంటి ఉద్యోగస్తుడు చొక్కా మార్చుకోవాలంటే సెలవు పెట్టాలన్నమాట. చొక్కా ఖరీదు కంటే ఆ సెలవు ఖరీదే ఎక్కువ!

ఇది ఒక లోకం. రెండో లోకం మన ఫోనులో ఉంది. అక్కడ వేలితో రెండు నొక్కులు నొక్కితే కుర్రాడు ఇంటికొచ్చి మరీ పట్టుకెళ్ళిపోతాడు. ఎందుకు, ఏమిటి అని అడిగేవాడే లేడు. నాలుగు సైజులు తెప్పించి, ఒకటుంచుకుని మూడు తిప్పి పంపినా ఎవరూ మొహం చిట్లించరు.

ఈ రెండు లోకాల మధ్య తిరుగుతూ మనమొక విషయం బాగా కలగాపులగం చేసేశామని నా అభిప్రాయం. లోపమున్న బట్ట వాపసివ్వడం వేరు, మనసు మారి వాపసివ్వడం వేరు. మొదటిది మన హక్కు. రెండోది ఎదుటివాడి మంచితనం, లేదా వాడి వ్యాపార లెక్క. కొట్టువాడేమో రెండోదాన్ని సాకుగా చూపించి మొదటిదాన్ని ఎగ్గొడుతున్నాడు. మనమేమో మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని లాక్కుంటున్నాం. ఇదీ నా గోల.

ముందు కొట్టువాడి సంగతి చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోననడం, డబ్బు తిరిగివ్వననడం అందులో "అనుచిత వ్యాపార పద్ధతి" కిందకి వస్తుంది. బిల్లులో గడువు రాసుంటే ఆ గడువులోపు, రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలి. కాబట్టి మొదటి ఉతుకుకే రంగు దిగిపోయిన చొక్కానో, మడత విప్పితే చిరుగు కనిపించిన చీరనో పట్టుకెళ్తే, బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యం చూపించి మిమ్మల్ని పంపించెయ్యడం కుదరదు. పంపించేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు.

అయితే అదే చట్టాన్ని అటూ ఇటూ తిరగేసి చూడండి. "రంగు నచ్చలేదు", "మా ఆవిడ బాలేదంది", "పక్క కొట్లో ఇంకా చవగ్గా దొరికింది" లాంటివాటికి అందులో చోటు లేదు. 2020లోనే వచ్చిన ఈ-కామర్స్ నియమాల్లోనూ లేదు. వస్తువు లోపంగా ఉన్నా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన టైముకి రాకపోయినా వెనక్కి తీసుకోనని అనకూడదు, వాపసు షరతులు ముందే చూపించాలి అంటాయి అవి. అంతే. ఫోనులో మనకి కనిపించే 7 రోజులు, 14 రోజుల ఉదారత అంతా ఆ కంపెనీ పాలసీ. ఈరోజు ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు.

"అమెరికాలో అలా కాదు, అక్కడ ఏదైనా తీసుకుంటారు" అని ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ప్రతివాడూ చెబుతాడు. నిజమే, చాలా కొట్లు తీసుకుంటాయి. కానీ అదీ చట్టం కాదు. మనసు మారితే కొట్టువాడు సరుకు వెనక్కి తీసుకోవాలనే ఫెడరల్ చట్టం అక్కడ లేదు. మూడ్రోజుల్లో రద్దు చేసుకోవచ్చనే నియమం ఒకటుంది గానీ, అది ఇంటికొచ్చి అంటగట్టే అమ్మకాల్లాంటి వాటికే. మిగతాదంతా కొట్టువాడి ఇష్టం, పోటీ, లెక్కలు.

మనసు మార్చుకునే హక్కుని నిజంగా చట్టంలో రాసుకున్నది యూరప్ వాళ్ళు. అక్కడ ఆన్‌లైనులో కొంటే 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వద్దనొచ్చు. 2011లో చేసిన ఈ డైరెక్టివు 2014 జూన్ నుంచి అమలవుతోంది. తమాషా ఏంటంటే, అదే చొక్కా కొట్లోకెళ్ళి కొంటే ఆ చట్టం కింద ఈ హక్కు లేదు. ఎందుకంటే కొట్లో చూశావు, ముట్టుకున్నావు, తొడుక్కున్నావు. ఆన్‌లైనులో బొమ్మ మాత్రమే చూశావు. కాబట్టి కొట్లో దొరికే చూసుకునే అవకాశాన్ని ఇంటికి తెచ్చిస్తున్నాం, అంతకుమించి కాదు అని దాని తర్కం. ఇంటికొచ్చాక కొట్లో పరీక్షించేదానికంటే ఎక్కువ వాడి బట్ట విలువ తగ్గిస్తే, ఆ తగ్గుదల కొన్నవాడే భరించాలి. నాకీ తర్కం బాగా నచ్చింది.

ఆలోచిస్తే మన చీరల కొట్టు కూడా ఇదే తర్కం మీద నడిచింది. పరుపు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నలభై చీరలు విప్పి పోస్తారు. "తీసుకోకపోయినా ఫర్వాలేదమ్మా, చూడండి" అంటారు. భుజమ్మీద వేసుకుని అద్దంలో చూడొచ్చు. ట్యూబులైటు కింద రంగు నమ్మకం కుదరకపోతే గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో చూడొచ్చు. పిన్నిని అడగొచ్చు, వదినని అడగొచ్చు. గంటన్నర కూర్చుని ఏమీ కొనకుండా లేచొచ్చినా అడ్డం పడేవాడు లేడు. మనసు ఎన్నిసార్లు మార్చుకోవాలన్నా బిల్లు రాసేలోపు మార్చుకోవచ్చు. అంటే మన రిటర్ను పాలసీ బిల్లుకి ముందే ఉండేదన్నమాట. ఆ నలభై చీరలూ మళ్ళీ మడతపెట్టే కుర్రాళ్ళ ఓపికే దాని ఖర్చు.

బిల్లు రాశాక సంగతి వేరు. చీరకి ఫాల్ కుట్టించేసి, జాకెట్టు ముక్క కత్తిరించేసి తీసుకొస్తే ఎవరికమ్ముతాడు? దసరాకి కొన్నది దసరా వెళ్ళాక తెస్తే ఎప్పుడమ్ముతాడు? పైగా జీఎస్టీ కట్టే కొట్టయితే క్రెడిట్ నోటు రాయాలి, లెక్క సవరించుకోవాలి. పొద్దున్నే బోణీ కాకుండా వాపసు బేరం వస్తే మొహం మాడ్చుకుంటాడని నవ్వుకుంటాం గానీ, రోజు మొదలవగానే గల్లాపెట్టెలోంచి డబ్బు తియ్యాలంటే నమ్మకాల్లేనివాడికైనా మనసొప్పదు.

మరి ఆన్‌లైనులో ఈ ఖర్చు ఏమైంది? మాయమైపోయిందా? మనవాళ్ళు చాలామంది రిటర్ను అంటే డేటాబేసులో రోల్‌బ్యాక్ అనుకుంటారు. కమిట్ కాలేదు కాబట్టి ఏమీ జరగనట్టే, ఎక్కడా ఆనవాలు మిగలదు అని. కాదండీ. ఇది కాంపెన్సేటింగ్ ట్రాన్సాక్షను. జరిగిన ప్రతి అడుగుకీ ఎదురు అడుగు వెయ్యాలి, ప్రతి ఎదురు అడుగుకీ మళ్ళీ ఖర్చు. రానుపోను రవాణా, విప్పి చూసేవాడి జీతం, ఇస్త్రీ, కొత్త కవరు. ఆ తిరుగుడులో ఉన్నన్నాళ్ళు ఆ చొక్కా ఇంకొకరికి అమ్మడానికి లేదు. తిరిగొచ్చేసరికి సీజను అయిపోతుంది.

ఆ ఖర్చు చిన్నదేం కాదు. అమెరికా రిటైలర్ల సంఘం లెక్క ప్రకారం 2023లో అక్కడ వెనక్కొచ్చిన సరుకు విలువ 743 బిలియన్ డాలర్లు, మొత్తం అమ్మకాల్లో 14.5 శాతం. ఎల్.ఎల్.బీన్ అనే పాత కంపెనీ ఎన్నేళ్ళకైనా వాపసు తీసుకుంటుందని పేరు. జనం పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవి కూడా పట్టుకొచ్చేస్తుంటే 2018లో దాన్ని ఏడాదికి కుదించింది. జారా 2022లో, హెచ్ అండ్ ఎమ్ 2023లో బ్రిటన్‌లో ఆన్‌లైను వాపసులకి డబ్బులు తీసుకోవడం మొదలెట్టాయి. అమ్ముడుపోని బట్టల్ని, ఇలా వెనక్కొచ్చినవాటితో సహా, పెద్ద కంపెనీలు నాశనం చెయ్యకూడదని 2024లో యూరప్ చట్టం చెయ్యాల్సొచ్చింది. 2026 జూలై 19 నుంచి వర్తించేలా పెట్టారు. మనం తిప్పి పంపిన చొక్కా బుద్ధిగా మళ్ళీ అరలోకెళ్ళి కూర్చుంటుందనేది మన భ్రమే అన్నమాట.

ఇహ మన సంగతి. ఆఫీసుల్లో ట్రెడిషనల్ డే వస్తుంది కదా. నాకు తెలిసినతను ఒకడు దానికి మంచి కుర్తా తెప్పించాడు. ట్యాగు మెడ లోపలికి దోపుకుని, కుర్చీలో వెనక్కి వాలకుండా, బిర్యానీ దగ్గర పులుసు మీద పడకుండా రోజంతా యోగిలా గడిపాడు. ఫొటోలు దిగాడు. సోమవారం వాపసు. కారణం దగ్గర "నాణ్యత బాలేదు" అని నొక్కాడు. "మనసు మారింది అని నొక్కితే డబ్బులు కోస్తారేమోనని" అన్నాడు. పైగా "ఆ కంపెనీకి కోట్లున్నాయి బాసూ" అని ధైర్యం.

కోట్లున్న కంపెనీ అమ్మలేదు కదా ఆ కుర్తా! అది సంత మాత్రమే. అమ్మింది ఏ సూరత్‌లోనో, తిరుపూరులోనో, మన మంగళగిరిలోనో ఉన్న చిన్న వ్యాపారి. "నాణ్యత బాలేదు" అని మనం నొక్కిన నొక్కు వాడి పేరు మీద పడుతుంది. ఇవి పోగైతే వాడి రేటింగు పడుతుంది, సరుకు జాబితాలో కిందకి జారిపోతుంది. రవాణా ఖర్చూ చాలాచోట్ల వాడి నెత్తినే. వాడు తిరిగి వాదించుకోవడానికి సాక్ష్యం ఏముంటుంది పాపం?

మనకి ఈ బాధ తెలీనిది కాదు. రిక్వైర్‌మెంట్లు సంతకం పెట్టి, యూఏటీ అయిపోయి, ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక క్లయింటుకి మనసు మారుతుంది. మారితే మారింది, చేంజ్ రిక్వెస్టు పెట్టొచ్చుగా? పెట్టడు. సివియారిటీ వన్ డిఫెక్టని లాగ్ చేస్తాడు. ఎందుకంటే చేంజ్ రిక్వెస్టయితే డబ్బులివ్వాలి, డిఫెక్టయితే ఉచితం. అప్పుడు మన రక్తం ఎలా మరుగుతుంది? అర్ధరాత్రి కాల్‌లో కూర్చుని "ఇట్ ఈజ్ యాజ్ డిజైన్డ్" అని ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కున్నాం? కుర్తా విషయంలో సరిగ్గా ఆ క్లయింటు పనే మనం చేస్తున్నాం.

"మరి సైజులు సరిగ్గా ఏడవవు కదా?" అంటారు. ఒప్పుకుంటాను. ఒకడి మీడియం ఇంకొకడి లార్జి. కొలతల పట్టిక తప్పుగా పెట్టినవాడిది లోపమే, చెప్పినట్టు లేనట్టే. దానికి పైసా కట్టక్కర్లేదు. ఇంచులు సరిగ్గా రాసిపెట్టినా చూడకుండా మూడు సైజులు తెప్పించుకుంటే మాత్రం అది మన సరదా.

నాకు కావలసినవి పెద్ద కోరికలేం కావు. కొట్టువాళ్ళు బిల్లు మీద ఆ పాత వాక్యం కొట్టేసి రెండు వాక్యాలు రాయాలి: లోపముంటే డబ్బు వాపసు, మనసు మారితే వారంలోపు మార్పిడి. ఆ మార్పిడి కూడా సాయంత్రాలూ, ఆదివారాలూ చెయ్యాలి. ఆన్‌లైను వాళ్ళు మనసు మారడానికి ఒక ధర పెట్టి, దాన్ని కొనేముందే చూపించాలి. మీషోలో ఒకే వస్తువుకి రెండు ధరలు పెట్టే పద్ధతి వచ్చింది, లోపముంటేనే వాపసు అంటే తక్కువ, దేనికైనా వాపసు అంటే ఎక్కువ. అదే నిజాయితీగా ఉంది. మనసు మార్చుకునే సౌకర్యం ఎవడికి కావాలో వాడే కొనుక్కుంటాడు. లేకపోతే ఒక్కసారీ వాపసివ్వని మా అమ్మలాంటి వాళ్ళు కట్టే ధరలో ఆ కుర్తా ఖర్చు కలుస్తుంది.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఇంకోటుంది. కొట్లో ఎదురుగా మనిషి ఉంటే మనం న్యాయంగా రావలసింది కూడా అడగం. చిరిగిన చొక్కా తెచ్చి, కొట్టువాడు గొంతు పెంచగానే "పోన్లే, ఎవడు తిరుగుతాడు" అని ఇంటికొచ్చేస్తాం. ఫోనులో మొహం కనిపించదు కాబట్టి మనది కానిది కూడా లాగేసుకుంటాం. అదే మనిషి, అదే మధ్యతరగతి మంచితనం. సరిగ్గా తిరగేసి ఉండాలి కదా? కొట్లో లోపం చూపించి గట్టిగా నిలబడాలి. ఫోనులో "మనసు మారింది" అని ఉన్నది ఉన్నట్టు నొక్కి, వాడడిగిన వంద రూపాయలు కట్టెయ్యాలి.

చొక్కా నచ్చకపోవడం తప్పేం కాదు. నచ్చలేదనే చెప్పండి, చిరిగిందని చెప్పకండి.