చేతిలో 18 డాలర్లు... చంకలో పాప!

అర్ధరాత్రి. పక్కన మనిషి నిద్రపోతున్నాడు. అలెక్స్ చప్పుడు చేయకుండా లేచింది. రెండేళ్ల కూతురు మ్యాడీని ఎత్తుకుని కారెక్కింది. ఎక్కడికెళ్లాలో తెలీదు. చేతిలో ఉన్నవి 18 డాలర్లే!

ఇదీ 'మెయిడ్' సిరీస్ మొదలు. 2021 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ పది భాగాల కథ అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరుగుతుంది.

షాన్ ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. తాగినప్పుడు అరుస్తాడు, గోడని గుద్దుతాడు, వస్తువులు విసిరికొడతాడు. ఓ రాత్రి అలా పగిలిన గాజుముక్కలు పాప జుట్టులో కనిపించేసరికి తల్లి గుండె ఆగినంత పనైంది. అయినా 'నేను దెబ్బలు తినలేదు కదా, నిజంగా తిన్నవాళ్ల చోటు నేనెందుకు తీసుకోవాలి' అని ఆశ్రయ కేంద్రానికి వెళ్లడానికి వెనకాడుతుంది. భయపెట్టి బతకనివ్వడమూ హింసేనని ఆమెకు అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

ఇల్లు దాటడం ఒక్క రాత్రి పని. దాటాక నిలబడటమే అసలు కష్టం. పాపను చూసుకునే కేంద్రానికి సర్కారు సాయం కావాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం చేయాలంటే ముందు పాపను ఎక్కడో ఒకచోట ఉంచాలి. మరెలా? చివరికి ఇళ్లు శుభ్రం చేసే పనిలో చేరుతుంది. ఆమె చేతిలో ఎంత మిగిలిందో తెర మీద అంకెల్లో కనిపిస్తుంటుంది. పెట్రోలు కొట్టిస్తే కొంత, పాపకు తిండి కొంటే కొంత... అంకె తరుగుతుంటే చూసేవాళ్లకీ గాభరా పుడుతుంది. పేదరికాన్ని ఇంత సూటిగా చూపించిన సిరీస్‌లు అరుదు.

అందుకే ఓ దశలో అలెక్స్ మళ్లీ షాన్ ఇంటికే చేరుతుంది. ఆశ్రయ కేంద్రంలో ఆమెకు ధైర్యం నూరిపోసిన స్నేహితురాలూ అంతే, వదిలొచ్చిన వాడి దగ్గరికే వెళ్లిపోయింది. 'అంత బాధపడి మళ్లీ ఎందుకెళ్లింది' అని ఊళ్లోవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఆ ప్రశ్నకు జవాబు తెర మీది అంకెల్లోనే ఉంది.

అలెక్స్‌గా మార్గరెట్ క్వాలీ నటించింది. మతి నిలకడ లేని తల్లి పాత్రలో కనిపించేది ఆమె కన్నతల్లి ఆండీ మెక్‌డొవెల్. తెర మీదా తల్లీకూతుళ్లే కావడంతో ఆ సన్నివేశాలు మనసుకు హత్తుకుంటాయి.

ఈ కథకు ఆధారం స్టెఫనీ ల్యాండ్ అనే రచయిత్రి స్వీయగాథ. బిడ్డను పెంచడానికి ఆమె నిజంగానే ఇళ్లు తుడిచింది. ఆ పని చేస్తూనే చదువు మీద ఆశ వదల్లేదు. 2014లో మోంటానా విశ్వవిద్యాలయం నుంచి పట్టా అందుకుంది. ఆమె పుస్తకం 2019లో వచ్చింది. సిరీస్‌లో అలెక్స్ కూడా తాను పనిచేసిన ఇళ్ల గురించి నోటు పుస్తకంలో రాసుకుంటుంది. ఆ రాతే ఆమెకు కాలేజీ దారి చూపిస్తుంది.

కథ అమెరికాదే కానీ 'కొట్టలేదుగా, సర్దుకుపో' అన్న మాట మన ఇళ్లకు కొత్త కాదు. మన గృహహింస నిరోధక చట్టం 2005లోనే దీనికి జవాబిచ్చింది. మాటలతో, మానసికంగా, ఆర్థికంగా వేధించడమూ హింసేనని స్పష్టంగా చెప్పింది. సాయం కావాలంటే 181కి ఫోన్ చేయొచ్చు.

చట్టం ఉంది, ఫోను నంబరూ ఉంది. కానీ అర్ధరాత్రి బిడ్డను ఎత్తుకొచ్చిన ఆడపిల్లకు ముందుగా కావాల్సింది తలుపు తీసే మనిషి. ఆ తలుపు పుట్టింటిదే అయితే ఆమె మళ్లీ వెనక్కి వెళ్లాల్సిన అవసరం సగం తప్పినట్టే!